కేయూ క్రాస్ రోడ్ దగ్గరి డీటీపీ షాపు: న్యూరోసైన్స్ సీవీకి కన్సల్టెన్సీ కంటే ఇదే నయం

ముందే చెప్పేస్తున్నా, ఇది పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు కొట్టే మామూలు డీటీపీ షాపు. హన్మకొండలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ నుంచి నయీంనగర్ వైపు కొంచెం దూరం వస్తే కనిపిస్తుంది. జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు అని బోర్డు మీద ఉంటుంది కానీ షాపు పేరున్న చోట ఎవరో కోచింగ్ పోస్టర్ అంటించి పోయారు, షాపాయన దాన్ని పీకను కూడా పీకలేదు. అడిగితే "పేరు సూసి ఎవరొస్తున్నరు తమ్మీ, పని సూసి వస్తున్నరు" అన్నాడు. సరే, నేనూ పేరు రాయట్లేదు.

మా చెల్లె అమెరికాలో న్యూరోసైన్స్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. డిసెంబర్ సెలవులకు ఇంటికొచ్చింది. అక్కడ ఎండాకాలం రీసెర్చ్ ప్రోగ్రాములకు గడువులు చాలావరకు జనవరి, ఫిబ్రవరిల్లోనే అయిపోతాయి కాబట్టి ఇక్కడున్నప్పుడే సీవీ సరిచేసుకుని పంపేయాలి. రీసెర్చ్, లీడర్‌షిప్, ఉద్యోగ అనుభవం, ఈ మూడూ ఒకటి రెండు పేజీల్లో కుదరాలి. మా బాబాయ్ ఒక కన్సల్టెన్సీ పేరు చెప్పాడు, విదేశీ చదువుల పని చేసేది, ఏసీ ఆఫీసు, అద్దాల తలుపు, రిసెప్షన్‌లో గాజు గిన్నెలో చాక్లెట్లు. అక్కడ కట్టింది 6,500. పేరు అడగకండి, గొడవలెందుకు.

వాళ్లిచ్చిన సీవీ చూసి చెల్లె ఏమీ అనలేదు, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది, అంతే. పైన పాస్‌పోర్ట్ సైజు ఫొటో. పక్కన నాన్న పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా. చివర్న "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని మన దగ్గర బయోడేటాలో ఉండే వాక్యం. అమెరికాలో ఇవేవీ సీవీలో పెట్టరు, పెడితే చదివేవాళ్లకే ఇబ్బంది. విదేశాలకు పంపడమే వ్యాపారమైన వాళ్లకు ఇంత చిన్న సంగతి తెలియదా అని నాకిప్పటికీ అర్థం కాదు.

అసలు దెబ్బ లోపల ఉంది. చెల్లె ల్యాబ్‌లో చేసే పని ఏంటంటే, చిట్టెలుకల మెదడును గడ్డకట్టించి క్రయోస్టాట్ అనే మెషీన్‌లో పల్చటి పొరలుగా కోయడం, ఆ మెషీన్ లోపల చలి మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒక్కో పొర మందం 40 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో ఇరవై ఐదో వంతు. సన్న బ్రష్‌తో ఆ పొరను లేపి చిన్న చిన్న గుంటలున్న ప్లేట్‌లో వేసుకోవాలి, గాలి పీల్చి గట్టిగా వదిలితే చుట్టుకుపోతుంది అంటుంది. తర్వాత సీ-ఫాస్ అనే ప్రొటీన్ కనపడేలా రంగు ఎక్కిస్తారు. ఒక నాడీకణం గట్టిగా పనిచేశాక గంట, గంటన్నరలో ఆ ప్రొటీన్ అందులో పోగవుతుంది, కాబట్టి ఎలుకకు భయం కలిగించాక మెదడులో ఏ కణాలు పనిచేశాయో దాన్నిబట్టి లెక్కపెట్టొచ్చు. ఈ లెక్క ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో చెల్లె చేసింది, అది కూడా ఏ పొర ఏ గుంపు ఎలుకదో తనకు తెలియకుండా కోడ్ నంబర్లు వేసి ఇస్తే.

ఇప్పుడు కన్సల్టెన్సీ వాళ్లు రాసింది వినండి. "మెదడు పరిశోధనలో విశేష అనుభవం. అత్యాధునిక పరికరాలపై పట్టు. బృంద స్ఫూర్తి." దానికింద ఒక్కచోట మాత్రం వివరం ఉంచారు, 40 ఎం.ఎం. పొరలు కోసింది అని. ఎం.ఎం. అంటే మిల్లీమీటర్. చిట్టెలుక మెదడు మొత్తం పొడవే ఒకటిన్నర సెంటీమీటర్ దాటదు, అందులోంచి నాలుగు సెంటీమీటర్ల ముక్క ఎలా కోస్తుంది! ఒక ప్రొఫెసర్ ఈ లైను చదివితే ఈ పిల్ల క్రయోస్టాట్‌ను ఫొటోలో కూడా చూడలేదు అనుకుంటాడు.

ఫోన్ చేస్తే "మేడమ్ గారు పంపిన ఫైల్‌లోనే అలా ఉందండీ" అన్నారు. చెల్లె పంపిన ఫైల్‌లో అలా లేదు. ఎందుకు మారిందో అక్కడ ఎవరికీ తెలియలేదు. తెలిసింది ఈ డీటీపీ షాపాయనకు.

నిజానికి మేం అక్కడికి వెళ్లింది ట్రాన్‌స్క్రిప్ట్ జిరాక్స్ తీయించడానికి. మా టెన్షన్ మేం మాట్లాడుకుంటుంటే ఆయన కౌంటర్ అవతల నుంచి "ఏదీ, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌ల ఏస్కొని ఇయ్యి బిడ్డా" అన్నాడు. తెరిచాడు, పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టాడు, ఆ ఎం అక్షరం మీద మౌస్ పెట్టి ఫాంట్ పేరు చూశాడు. నవ్వాడు. సంగతేంటంటే, చెల్లె తన పాత ఫైల్‌లో మైక్రాన్ గుర్తు కోసం సింబల్ అనే ఫాంట్ వాడింది. ఆ ఫాంట్‌లో కీబోర్డు మీద ఎం కొడితే గ్రీకు మ్యూ అక్షరం వస్తుంది. కన్సల్టెన్సీ వాళ్లు మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ టైమ్స్‌కు మార్చేశారు, మ్యూ మళ్లీ ఎం అయిపోయింది. పాతికేళ్లుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు కొట్టే మనిషికి ఇది రోజూ ఉండే గోలే, అను ఫాంట్‌లో కొట్టింది వేరే ఫాంట్‌లోకి మారిస్తే తెలుగంతా పోయి ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి మిగులుతుంది కదా. మొత్తం ఫైలు వెతికి ఇంకో రెండు చోట్ల కూడా అదే తప్పు పట్టుకున్నాడు, మైక్రోలీటర్లు కాస్తా మిల్లీలీటర్లయి కూర్చున్నాయి. వెయ్యి రెట్లు తేడా అన్నమాట.

ఇక అక్కడే కూర్చుని చేయించేశాం. అది సర్పంచ్ ఎన్నికల సీజన్, షాపు నిండా కరపత్రాలు, ఉంగరం గుర్తు, కత్తెర గుర్తు, ఒక పెద్దాయనైతే తన ఫొటోలో జుట్టు నల్లగా చేయమని వెనకాలే నిలబడ్డాడు. వాళ్ల పని మధ్యమధ్యలో చూస్తూ మా పని చేశాడు. మేం కన్సల్టెన్సీ వాళ్ల కాపీ చదివి వినిపిస్తుంటే ఆయన ఒక కరపత్రం తీసి బల్ల మీద పెట్టాడు. "గిది సూడు. ఒకాయన నన్ను గెలిపిస్తే ఊరిని అభివృద్ధి చేస్త అని రాయిస్తడు. ఇంకొకాయన ఎస్సీ కాలనీల బోరు ఏయించిన, బడికి గేటు పెట్టిచ్చిన అని రాయిస్తడు. నీది మొదటాయన లెక్క ఉన్నది బిడ్డా. నువ్వు ఏం జేసినవో చెప్పు, గంతే." న్యూరోసైన్స్ సీవీ గురించి అంతకంటే పనికొచ్చే మాట మాకెవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి ఒక్కో లైనుకు ప్రశ్నలే. ఎన్ని ఎలుకలు? పన్నెండు. కోసింది నువ్వా, సారా? నేనే అంకుల్. రంగు ఎక్కించింది? మా సీనియర్ నేర్పింది, తర్వాత నేనే చేశాను. లెక్క? నేనే. గ్రాఫులు? సీనియర్ వేసింది, నేను పక్కనున్నాను. "గ్రాఫులు తీసెయ్." తీసేసింది. ఇలా కోసుకుంటూ పోతే మిగిలిన నాలుగు లైన్లలో ప్రతి మాటకూ చెల్లె రెండు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా సమాధానం చెప్పగలదు, ఇంటర్వ్యూలో అడిగేది కూడా అవే.

ఈయనకు ఇంత ఎలా తెలుసు అనుకుంటారేమో. పక్కనే కాకతీయ యూనివర్సిటీ. 1976లో పెట్టిన యూనివర్సిటీ, బాటనీ, జువాలజీ పీహెచ్‌డీ పిల్లల థీసిస్‌లు టైప్ చేసి బైండింగ్ చేయడం ఇలాంటి షాపులకు ఏళ్ల తరబడి అన్నం పెట్టిన పని. సైన్స్ ఏమీ చదువుకోలేదు కానీ దాని రాత పద్ధతి చేతికి ఎక్కింది. చిట్టెలుక శాస్త్రీయ నామం మస్ మస్కులస్ అని ఒకచోట వస్తే, "ఇది జీవి పేరేనా? మరి పండుకోవెట్టాలె గదా" అంటూ మా సమాధానం కోసం ఆగకుండానే ఇటాలిక్ చేసేశాడు. ఏసీ ఆఫీసులో అది నిలువుగానే ఉంది.

ఇంకో సంగతి, పబ్లికేషన్స్ అని ఒక హెడ్డింగ్ పెట్టి కన్సల్టెన్సీ వాళ్లు చెల్లె కాలేజీ సింపోజియంలో పెట్టిన పోస్టర్‌ను దానికింద వేశారు. ఈయన ప్రింటింగ్ మనిషి కదా, మొదటి ప్రశ్నే అది, "ఇది అచ్చయిందా? ఏ పుస్తకంల?" అచ్చు కాలేదు, గోడకు పెట్టి పక్కన నిలబడి అడిగినవాళ్లకు చెప్పడమే. "మరి అచ్చయినట్టు రాసుడెందుకు?" హెడ్డింగ్ మార్చి పోస్టర్ ప్రెజెంటేషన్ అని పెట్టాం. ఇది చిన్న విషయం కాదు, పేపర్ లేకుండా పేపర్ ఉన్నట్టు కనిపిస్తే మిగతా పేజీ మొత్తం మీద అనుమానం వస్తుంది.

ఉద్యోగ అనుభవం దగ్గర నాకు కోపమొచ్చింది, దాచుకోను. చెల్లె కాలేజీ డైనింగ్ హాల్లో పనిచేస్తుంది, ప్లేట్లు సర్దడం దగ్గర మొదలుపెట్టి ఇప్పుడు సాయంత్రం షిఫ్టులో కొత్త పిల్లలకు పని నేర్పిస్తుంది. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు, ఆ లెక్కలోనే ల్యాబూ, చదువూ సర్దుకుంటూ రెండేళ్లు మానకుండా చేసింది. కన్సల్టెన్సీ వాళ్లు దాన్ని తీసేశారు. ఎందుకండీ అంటే "అది బాగోదండీ, సైన్స్ ప్రొఫైల్ కదా" అని నసిగారు. మన ఇళ్లలోనూ ఇదే కదా, అమ్మాయి అమెరికాలో చదువుతోంది అని చెప్పేవాళ్లు గిన్నెలు కడిగిన సంగతి చుట్టాల ముందు మింగేస్తారు. డీటీపీ అన్నకు ఈ లైను పాత ఫైల్‌లో కనిపించి "ఇదేంది, కొత్త దాంట్ల లేదు?" అన్నాడు. చెప్పాం. "రెండేండ్లు ఒక్కకాడ పని జేసుడు మామూలు ముచ్చటనా? నా దగ్గర పోరలు రెండు నెలలు ఉంటలేరు" అని తిరిగి పెట్టేశాడు. అక్కడ చదివే మా స్నేహితులను అడిగినా అదే మాట, నికరంగా చేసిన ఉద్యోగాన్ని అక్కడివాళ్లు తక్కువగా చూడరు.

ఇంకొకటి, పోయిన సెలవుల్లో చెల్లె ఇక్కడే ఒక న్యూరో డాక్టర్ గారి క్లినిక్‌లో కొన్నాళ్లు కూర్చుని చూసింది. ఈఈజీ, అంటే మెదడులోని కరెంటు సంకేతాలను రికార్డు చేసే పరీక్ష, తీసేటప్పుడు ముక్కు పైన నుదురు మొదలయ్యే గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపు పెట్టి కొలుస్తారు, ఆ కొలతలో పది శాతం, ఇరవై శాతం దూరాల్లో గుర్తులు పెట్టి ఎలక్ట్రోడ్లు అంటిస్తారు, అందుకే దాన్ని టెన్-ట్వంటీ పద్ధతి అంటారు. టెక్నీషియన్ అక్క కొలుస్తుంటే చెల్లె టేపు రెండో కొస పట్టుకుంది. కన్సల్టెన్సీ కాపీలో "రోగులకు ఈఈజీ నిర్వహించింది" అని ఉంది. డిగ్రీ పిల్ల రోగులకు పరీక్షలు చేసిందంటే అది గొప్ప కాదు, కేసు. అన్న అడిగిన ప్రశ్నలతో అది "చూసింది, కొలతల్లో సాయం చేసింది" దగ్గర ఆగింది.

లీడర్‌షిప్‌కు వస్తే, కాలేజీలో న్యూరోసైన్స్ క్లబ్‌కు కోశాధికారి, న్యూ రో సై సభ్యత్వం. ఈ రెండోది 2006లో మొదలైన ఆనర్ సొసైటీ, మార్కులు బాగుంటే ఇస్తారు, దాన్ని లీడర్‌షిప్ కింద పెట్టడమే తప్పు, అవార్డుల్లోకి మార్చాం. అసలు నాయకత్వం అనదగ్గది ఒకటుంది, అదీ ఇక్కడే చేసింది. డానా ఫౌండేషన్ ఆధ్వర్యంలో 1996లో మొదలై ఇప్పుడు ఏటా మార్చిలో బ్రెయిన్ అవేర్‌నెస్ వీక్ జరుగుతుంది, వాళ్ల కాలేజీ పిల్లలు దగ్గరి బడులకు వెళ్లి గొర్రె మెదడు చూపించి పాఠం చెబుతారు. చెల్లె అదే కార్యక్రమాన్ని నర్సంపేట వైపు అమ్మమ్మ వాళ్ల ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పెట్టింది. మటన్ షాపులో మేక భేజా చెప్పి పెట్టించుకుంది, కొట్టేటప్పుడు రెండు ముక్కలు చేయకుండా పూర్తిగా తీసివ్వమని బతిమాలితే ఆయన "ఫ్రైకి గట్ల ఎందుకమ్మా" అని వింతగా చూశాడట. పచ్చి భేజా కోయడానికి లొంగదు, చేతిలోనే జారిపోతుంది, అందుకని రెండు రోజులు సర్జికల్ స్పిరిట్‌లో ఉంచి గట్టిపడ్డాక తీసుకెళ్లింది. ఇవి రెండు అర్ధగోళాలు, ఇది వెనకున్న చిన్న మెదడు, నువ్వు సైకిల్ మీద పడిపోకుండా చూసేది ఇదే అని చెబితే ఎనిమిదో తరగతి పిల్లలు బెంచీలెక్కి చూశారు. వాళ్ల సైన్స్ టీచర్ తర్వాత ఆమె అంతట ఆమే తొమ్మిదో తరగతికి చేసి చూపించింది.

ఇంత పనికి కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన వాక్యం "సామాజిక సేవా కార్యక్రమాల్లో చురుకుగా పాల్గొంది." డీటీపీ అన్న ఈ కథంతా విని కీబోర్డు వదిలేశాడు. "భేజా పట్కపోయి బడి పిల్లలకు పాఠం జెప్పినవా? గిది మీద రాయకపోతే ఇంకేం రాస్తవ్ బిడ్డా!" జుట్టు నల్లగా చేయించుకోవడానికొచ్చిన పెద్దాయన కూడా మా ఊరి బడికి రావాలమ్మా అని ఫోన్ నంబర్ ఇచ్చాడు.

కన్సల్టెన్సీ వాళ్లు సీవీతోపాటు అప్లై చేయాల్సిన ప్రోగ్రాముల జాబితా కూడా ఇచ్చారు, దాని సంగతి చెప్పకపోతే ఇంకెవరైనా మునుగుతారు. అందులో సగానికి పైగా ఆర్‌ఈయూలు, అంటే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాములు. ఆ డబ్బు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే ఇస్తారు. ఎఫ్-1 మీదున్న పిల్లలు యూనివర్సిటీలు సొంత నిధులతో నడిపేవి, లేదా నేరుగా ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టి అడిగేవి చూసుకోవాలి, క్యాంపస్ బయట పనైతే ముందు సీపీటీ, అంటే చదువులో భాగంగా చేసే పనికిచ్చే అనుమతి తీసుకోవాలి. ఒక ఊరట ఏంటంటే న్యూరోసైన్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) చదువుల కిందికి వస్తుంది, చదువయ్యాక ఓపీటీ (అక్కడే పనిచేసుకునే అనుమతి) 12 నెలలు, దాని మీద పొడిగింపు ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఇవేవీ డీటీపీ అన్నకు తెలియవు, తెలియదనే చెప్పాడు, "గవన్నీ మీ కాలేజీల అడుగుండ్రి" అన్నాడు. 6,500 తీసుకున్నవాళ్లు మాత్రం తెలిసినట్టే మాట్లాడారు.

ఇక్కడ బీజెడ్‌సీ చదివే పిల్లలు ఇది మనకు కాదు అనుకోకండి. మెదడు మీద పని చేయాలంటే హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, బెంగళూరులో నిమ్‌హాన్స్, ఐఐఎస్సీ, హర్యానా మానేసర్‌లో ఎన్‌బీఆర్‌సీ. అక్కడికి మెయిల్ పెట్టేటప్పుడైనా ఇదే సీవీ, ఇవే ప్రశ్నలు.

షాపులో నచ్చనివి కూడా ఉన్నాయి. వర్డ్‌లో ఎర్ర గీత కనిపిస్తే మొదటి సూచన నొక్కేయడం ఆయనకు అలవాటు, దాంతో మా ఇంటిపేరే మారిపోయింది, ప్రింట్ తీసే ముందు చెల్లె చూసింది కాబట్టి సరిపోయింది. సైన్స్ పదాల స్పెల్లింగ్ ఆయన మీద వదిలేయకండి, పక్కన కూర్చుని అక్షరం అక్షరం చూసుకోండి. కూర్చోవడానికి ఒకటే స్టూల్, దాని మీద ఎప్పుడూ పేపర్ రీములుంటాయి. బండి పెట్టే చోటు లేదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తుంది కానీ ప్రింటర్ నడవదు. అన్నిటికంటే ముఖ్యం, మీ ఫైలు ఆయన డెస్క్‌టాప్ మీద వందల ఫైళ్ల మధ్య అలాగే ఉండిపోతుంది, వచ్చే ముందు మీరే డిలీట్ చేయించండి, మెయిల్ తెరిచి ఉంటే లాగౌట్ చేయండి. మా ముందు ఎవరో అబ్బాయి ఆధార్ కార్డు స్క్రీన్ మీద అలాగే తెరిచి పెట్టి ఉంది.

మొత్తానికి సీవీ రెండు పేజీలు, సవరణలు, పీడీఎఫ్, నాలుగు ప్రింట్లు కలిపి 350 తీసుకున్నాడు. ఎక్కువిస్తానంటే వద్దన్నాడు, కానీ చాయ్ తెప్పిస్తే తాగాడు. 5కి 4 ఇస్తున్నా, ఆ ఒకటి ఇంటిపేరు కోసం కోశాను. ఫోన్‌పే తీసుకుంటాడు. ఎన్నికలు, పెళ్లిళ్ల సీజన్‌లో పొద్దున పది లోపు వెళ్తేనే తీరిగ్గా దొరుకుతాడు, మధ్యాహ్నం షట్టర్ సగం దించి ఉంటే తిని పడుకున్నాడని అర్థం, లేపితే పని చేస్తాడు గానీ ప్రశ్నలు అడగడు.